గోల్డ్ డిటెక్టర్ కొనే ముందు: ధర, ఫీచర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ ఏలూరు రోడ్డు దగ్గర నాకు చిన్న ఎలక్ట్రానిక్స్ రిపేర్ షాపు ఉంది. టీవీ బోర్డులు, ఇన్వర్టర్లతో మొదలైన పనిలోకి మెటల్ డిటెక్టర్లు కూడా వచ్చి చేరాయి. బాగు చేస్తాను. ఎవరికైనా నగ పోతే నా మెషిన్ తీసుకుని వెళ్లి వెతికి పెడతాను. వారానికి ఇద్దరు ముగ్గురు "అన్నా, మంచి గోల్డ్ డిటెక్టర్ ఎంతలో వస్తుంది?" అని ఫోన్ చేస్తారు. ధర చెప్పే ముందు నేనో మాట అడుగుతాను: "ఎక్కడ వెతుకుతారు, ఏం వెతుకుతారు?" చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు. ఉన్నవాళ్లకు సగం డబ్బు అక్కడే మిగులుతుంది.

బంగారాన్ని మాత్రమే పట్టే మెషిన్ ఉందా?

లేదు. ఎంత ఖర్చు పెట్టినా లేదు. డిటెక్టర్ కింది కొసన ఉండే కాయిల్ (తీగ చుట్ట) నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. దాని వల్ల కింద ఉన్న లోహంలో కరెంటు పుడుతుంది, ఆ కరెంటు తిరిగి పంపే చిన్న సిగ్నల్‌ను కాయిల్ అందుకుంటుంది. మెషిన్‌కు తెలిసేది కింద ఉన్న వస్తువు ఎంత బాగా కరెంటును పారిస్తుంది, ఎంత పెద్దది, ఏ ఆకారంలో ఉంది అన్నంతవరకే. అది బంగారమా కాదా అన్నది దానికి తెలియదు. సన్నని బంగారు ఉంగరం, మందు సీసా అల్యూమినియం మూత ముక్క, నలిగిన టాబ్లెట్ స్ట్రిప్ మూడూ తెర మీద దాదాపు ఒకే అంకె చూపించగలవు. అది 22 క్యారెట్లా 18 క్యారెట్లా అన్నది అంతకంటే తెలియదు.

అందుకే "గోల్డ్ మోడ్ ఉంది కాబట్టి ఇరవై వేలు ఎక్కువ" అంటే తొందరపడకండి. చాలా మెషిన్లలో గోల్డ్ మోడ్ అంటే సున్నితత్వం పెంచి, చిన్న వస్తువులకు కూడా మోగేలా చేసిన సెట్టింగ్. చెత్త తక్కువ ఉన్న నేలలో అది పనికొస్తుంది. ఊరి పక్కన ఖాళీ స్థలంలో పెడితే అడుగుకోసారి మోగి చెవులు చిల్లులు పడతాయి.

అయితే "గోల్డ్ డిటెక్టర్" అని ప్రత్యేకంగా ఎందుకు అమ్ముతున్నారు?

డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఆస్ట్రేలియా, అమెరికా, ఆఫ్రికా దేశాల్లో నేలలో సహజంగా దొరికే బంగారు పలుకుల కోసం వెతికేవాళ్లున్నారు. బియ్యపు గింజంత, ఒక్కోసారి ఆవగింజంత పలుకులు. ఆ వేట కోసం తయారైనవే అసలైన గోల్డ్ డిటెక్టర్లు. వీటిలో ఒక రకం ఎక్కువ ఫ్రీక్వెన్సీ మీద పనిచేస్తుంది, అంటే కాయిల్ పంపే క్షేత్రం సెకనుకు చాలా ఎక్కువసార్లు మారుతుంది. మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 1000 అయితే 45 కిలోహెర్ట్జ్, ఫిషర్ గోల్డ్ బగ్ 2 అయితే 71 కిలోహెర్ట్జ్. ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ చిన్న పలుకు బాగా తెలుస్తుంది, లోతు మాత్రం తగ్గుతుంది. ఇంకో రకం పల్స్ ఇండక్షన్, అంటే క్షేత్రాన్ని ఆపి ఆపి చిన్న దెబ్బలుగా పంపేది. ఇనుప ఖనిజం నిండిన నేలలో కూడా లోతుగా వెతకగలదు. మైన్‌ల్యాబ్ జీపీఎక్స్ 6000, గ్యారెట్ ఆక్సియం ఈ కోవలోవి. ఇవి ఎక్కువగా అన్ని లోహాలకూ మోగుతాయి. మేకుకీ ఉంగరానికీ తేడా చెప్పడంలో మామూలు మెషిన్ల కంటే వెనకే.

మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో జనం వెతికేది ఏమిటి? పొలంలో జారిపోయిన ఉంగరం, కల్లంలో పడిపోయిన పుస్తెలు, ఘాట్ మెట్ల దగ్గర నీళ్లలో పోయిన చెవి దిద్దు. అంటే తయారైన నగలు, అదీ చెత్త ఎక్కువ ఉన్న నేలలో. దీనికి కావలసింది రకరకాల లోహాలను విడదీసి చూపగల, ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు పంపే మామూలు మల్టీ ఫ్రీక్వెన్సీ డిటెక్టర్. ఆరు లక్షల మెషిన్ ఇక్కడికి తెస్తే ప్రతి మేకుకీ తవ్వుకుంటూ పోవాలి. ఈ పనికి డెబ్బై వేల మెషినే మేలు.

ధరలు ఏ మాత్రం ఉంటాయి?

కంపెనీలు విదేశాలవి కాబట్టి ముందు అక్కడి ధర చూడండి. గ్యారెట్ ఏస్ 300 లాంటి మొదటి మెట్టు మెషిన్ మూడు వందల డాలర్ల ప్రాంతంలో ఉంటుంది. నోక్టా లెజెండ్ ఆరేడు వందలు. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 900 వెయ్యి పైచిలుకు. గోల్డ్ మాన్‌స్టర్ కూడా వెయ్యికి అటూఇటూ. అక్కడి నుంచి ఒక్కసారిగా పెరుగుతుంది: ఆక్సియం నాలుగు వేల దగ్గర, జీపీఎక్స్ 6000 పేరుకు తగ్గట్టే ఆరు వేల దగ్గర. 2015లో వచ్చిన జీపీజెడ్ 7000 ఎనిమిది వేలు దాటుతుంది.

దాన్ని రూపాయల్లోకి మార్చి, దిగుమతి సుంకం, జీఎస్‌టీ, రవాణా, అమ్మేవాడి లాభం కలపండి. ఎవరైనా ఆ లెక్కకు సగంలోనే "ఒరిజినల్" ఇస్తానంటే నకిలీ అనుకోవచ్చు. ఆ లెక్కకు రెట్టింపు చెబితే మీకు మార్కెట్ తెలియదని గ్రహించాడన్నమాట. రెండూ చూశాను.

మెషిన్ ధరతో ఖర్చు అయిపోదు. పిన్‌పాయింటర్ (తవ్విన చోట వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపే, చేతిలో పట్టే చిన్న డిటెక్టర్) కావాలి, మంచిది పది వేల పైనే ఉంటుంది. హెడ్‌ఫోన్, తవ్వడానికి గట్టి చిన్న పార, కాయిల్ కవరు కావాలి. మొత్తం బడ్జెట్‌లో ఐదో వంతు వీటికి తీసి పెట్టుకుని, మిగిలిన దాంట్లో మెషిన్ చూసుకోండి.

ఎంత లోతు పడుతుంది? మాకు పది మీటర్లన్నారు.

పదకొండు అంగుళాల కాయిల్ ఉన్న మంచి మెషిన్, అనుకూలమైన నేలలో, మామూలు ఉంగరాన్ని జానెడు లోతు దాకా పట్టుకుంటుంది. రూపాయి బిళ్ల అయితే ఇంకొంచెం. బిందె అంత వస్తువైతే మీటరు, మహా అయితే దాని మీద కాస్త. చిన్న ముక్కుపుడక రెండు మూడు అంగుళాలు దాటితే కష్టమే.

ఎందుకింత తక్కువ? కాయిల్ పంపే క్షేత్రం దూరం వెళ్లే కొద్దీ బలహీనపడుతుంది, లోహం నుంచి తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ అంతే బలహీనపడుతుంది. చిన్న వస్తువు విషయంలో లోతు రెట్టింపైతే అందే సిగ్నల్ దాదాపు 64వ వంతుకు పడిపోతుంది. కంపెనీ ఎంత పెద్దదైనా ఈ లెక్క మారదు. పది రెట్లు డబ్బు పెడితే పది రెట్లు లోతు వస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు. పెద్ద కాయిల్ వేస్తే కొంత లోతు పెరుగుతుంది, అప్పుడు చిన్న నగలు తప్పిపోతాయి.

నా మొదటి మెషిన్ "ఐదు మీటర్లు" అన్న మాట నమ్మి కొన్నదే. మా పెరట్లో అడుగు లోతున ఇత్తడి చెంబు పాతి చూశాను, మోగలేదు. అమ్మినవాడికి ఫోన్ చేస్తే "వస్తువు నేలలో పాతికేళ్లు ఉండాలండీ, అప్పుడే పడుతుంది" అన్నాడు. ఆ డబ్బు తిరిగి రాలేదు. ఆ నెల ఇంట్లో పడ్డ ఇబ్బంది ఇప్పటికీ గుర్తుంది. ఈ పేజీ రాయడానికి సగం కారణం అదే.

యాంటెన్నా ఉన్న లాంగ్ రేంజ్ లొకేటర్ కిలోమీటరు దూరం నుంచి చూపిస్తుందట, నిజమేనా?

కాదు. చేతిలో పట్టుకుంటే తిరిగే యాంటెన్నా పుల్లలు, "శాటిలైట్ స్కానర్", తెర మీద బంగారం రంగు బొమ్మ చూపించే పెట్టెలు ఏవీ పనిచేయవు. పుల్ల తిరిగేది పట్టుకున్నవాడి మణికట్టు కదలిక వల్ల. ఆ కదలిక అతనికే తెలియకపోవచ్చు.

ఇది ఎంత దూరం వెళ్లగలదో చూడండి. ఏడీఈ 651 అని, బాంబుల్ని కనిపెడుతుందని చెప్పి అమ్మిన పరికరం ఒకటి ఇరాక్ చెక్‌పోస్టుల్లో వాడారు. గోల్ఫ్ బంతులు వెతకడానికని అమ్మిన ఆటవస్తువు లాంటి దాని నుంచి పుట్టిందది. పిడికి ఒక యాంటెన్నా, లోపల పనికొచ్చే సర్క్యూట్ ఏమీ లేదు. దాన్ని నమ్మిన చెక్‌పోస్టులు దాటి బాంబులు వెళ్లాయి, జనం చనిపోయారు. అమ్మిన బ్రిటన్ వ్యాపారికి 2013లో అక్కడి కోర్టు పదేళ్ల జైలు వేసింది. ఇక్కడ గుప్తనిధుల పేరుతో లక్షలకు అమ్ముతున్నవి ఆ కుటుంబంలోవే.

పరీక్ష సులువు. అమ్మేవాడికి తెలియకుండా పది అట్టపెట్టెల్లో ఒక దాంట్లో మీ ఉంగరం పెట్టండి. ఏ పెట్టెలో ఉందో చెప్పమనండి. ఐదుసార్లు చేయించండి. మంచి మెషిన్ వాడు సంతోషంగా చేస్తాడు.

ఫోన్‌లో డిటెక్టర్ యాప్ చాలదా?

చాలదు. ఫోన్‌లో ఉన్నది దిక్సూచి సెన్సర్. ఇనుమును గుర్తిస్తుంది, బంగారానికి అయస్కాంత గుణం లేదు.

ఏ ఫీచర్‌కు డబ్బు పెట్టవచ్చు?

ముందు గ్రౌండ్ బ్యాలెన్స్. నేలలోని ఖనిజాలు కూడా సిగ్నల్ ఇస్తాయి. ఆ గోలను తీసేసి లోహాన్ని మాత్రమే వినిపించడం దీని పని. ఆటోమేటిక్‌తో పాటు చేత్తో సరిచేసుకునే వీలు కూడా ఉండాలి. మొదటి మెట్టు మెషిన్లలో ఇది ఫ్యాక్టరీలోనే బిగించేసి ఉంటుంది. అవి ఇసుకలో బాగా పనిచేసి ఎర్రమట్టిలో తెల్లమొహం వేస్తాయి.

తర్వాత మల్టీ ఫ్రీక్వెన్సీ. ఒకేసారి ఎక్కువా తక్కువా ఫ్రీక్వెన్సీలు పంపుతుంది కాబట్టి సన్నని దిద్దూ, మందమైన గాజూ రెండూ దొరికే అవకాశం ఉంటుంది. సముద్రపు తడి ఇసుకలో అయితే ఇది లేకపోతే చాలా కష్టం.

నీళ్లలోకి దిగే ఆలోచన ఉంటే వాటర్‌ప్రూఫ్. చాలా మెషిన్లు మూడు నుంచి ఐదు మీటర్ల దాకా తట్టుకుంటాయి, మనకు అంతకంటే అక్కర్లేదు. కాయిల్ ఒక్కటే వాటర్‌ప్రూఫా, కంట్రోల్ బాక్స్ కూడానా అన్నది అడగండి. కాయిల్ మాత్రమే అయితే మోకాలి లోతు దాటకూడదు.

బరువు గురించి ఎవరూ అడగరు. షాపులో రెండు నిమిషాలు పట్టుకుంటే కిలోన్నర, రెండు కిలోలు ఒకేలా ఉంటాయి. పొలంలో మూడు గంటలు ఊపి చూడండి, మోచెయ్యి చెబుతుంది. తేలిక మెషిన్‌కు ఐదు వేలు ఎక్కువైనా పెట్టండి.

రంగుల తెర, బ్లూటూత్ మ్యాపు, ముప్పై రకాల శబ్దాలు లాంటి వాటికి అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వను. చివరికి ఈ పనంతా చెవితోనే.

గొలుసు పోయింది. దొరుకుతుందా?

గొలుసు అన్నిటికంటే కష్టం. ఉంగరం ఒక మూసిన వలయం, కరెంటు చుట్టూ తిరిగి గట్టి సిగ్నల్ ఇస్తుంది. గొలుసులో లంకెలు ఒకదానికొకటి వదులుగా తగులుతాయి కాబట్టి మెషిన్‌కు అది పెద్ద నగలా కాక వందల చిన్న ముక్కల్లా కనిపిస్తుంది. రెండు కాసుల గొలుసు మోగకుండా, దాని కొక్కెం మాత్రం మోగడం చూశాను. లాకెట్ ఉంటే నయం.

గుంటూరు అవతల ఒక ఊళ్లో మిర్చి కోతలప్పుడు జరిగింది చెబుతాను. కల్లంలో కాయలు తిరగేస్తుంటే ఒక పెద్దావిడ పసుపుతాడు తెగి పుస్తెలు జారిపోయాయి. రెండు రోజులు కూలీలంతా చేతులతో దేవారు. నేను వెళ్లేసరికి ఆవిడ కల్లం గట్టు మీద కూర్చుని ఉంది. "బంగారం సంగతి కాదు బాబూ, ఒకటి పుట్టింటి పుస్తె, ఒకటి అత్తింటి పుస్తె" అంది.

కల్లాన్ని తాళ్లతో రెండు మీటర్ల పట్టీలుగా విడగొట్టి నడిచాను. మొదటి గంటలో వచ్చినవి పురుగుమందు డబ్బాల మూతల కింద ఉండే రేకు సీళ్లు, ఒక సైకిల్ నట్టు, టాబ్లెట్ రేకులు. రేకు ముక్కల దగ్గర అంకె గంతులేస్తుంది, కాయిల్ దిక్కు మారిస్తే శబ్దం మారుతుంది. సాయంత్రం ఒకచోట అంకె నిలకడగా వచ్చింది. అటు నుంచీ ఇటు నుంచీ అదే శబ్దం. పైన ఏమీ లేదు. అది నల్లరేగడి, ఎండకు నెర్రెలిచ్చి ఉంది. నెర్రెలోకి పిన్‌పాయింటర్ దింపితే బెత్తెడు లోతులో గడగడా అదిరింది. మట్టి పెళ్ల పక్కకు తీస్తే పుస్తె అంచు మెరిసింది. రెండోది మర్నాడు పొద్దున్నే, మూడడుగుల అవతల, ఇంకో నెర్రెలో దొరికింది. చేతులతో ఎన్ని రోజులు దేవినా దొరికేవి కావు.

ఆ రోజు నా చేతిలో ఉన్నది ఈక్వినాక్స్ తరగతి మల్టీ ఫ్రీక్వెన్సీ మెషిన్. లక్షల ఖరీదు చేసే పల్స్ ఇండక్షన్ ఉంటే ఇనుప ముక్కలు తవ్వుకుంటూ ఆ సాయంత్రం అక్కడిదాకా చేరేవాడినే కాదు.

మన నేలల్లో ఏ మెషిన్ ఎలా ఉంటుంది?

ఎండిన నల్లరేగడిలో బాగానే ఉంటుంది, తడిస్తే గోల పెరుగుతుంది, సున్నితత్వం కాస్త తగ్గించుకోవాలి. కృష్ణ ఇసుక సులువు, అక్కడక్కడ నల్ల ఇసుక (ఇనుప ఖనిజం కలిసిన ఇసుక) చారలు ఉన్నచోట తప్ప. కొండల కింద ఎర్రమట్టిలో, గులకరాళ్లలో ఇనుము ఎక్కువ కాబట్టి గ్రౌండ్ బ్యాలెన్స్ తరచూ సరిచూసుకోవాలి. సూర్యలంక, మంగినపూడి బీచ్‌ల్లో ఉప్పునీరూ నల్ల ఇసుకా రెండూ కలుస్తాయి. ఎక్కువ ఫ్రీక్వెన్సీ గోల్డ్ మెషిన్ అక్కడ ఊరికే అరుస్తుంది. మల్టీ ఫ్రీక్వెన్సీయే శరణ్యం.

తాతగారు ఇంటి గోడలో దాచారంటారు. స్లాబ్ ఇంట్లో వెతకొచ్చా?

మట్టిగోడ అయితే వెతకొచ్చు. కాంక్రీటు అయితే లోపలి ఇనుప చువ్వలే మోగుతాయి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాను వెతకడానికి టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ లోహాన్ని పట్టే తన పరికరంతో వచ్చాడు. మంచం పరుపులోని ఇనుప స్ప్రింగులు ఆ పరికరాన్ని తికమకపెట్టాయంటారు. ఈనాటి మెషిన్‌కూ అదే కష్టం. చిన్న కాయిల్ తెచ్చుకోండి. ఇనుప మంచాలు, బీరువాలు ముందు బయట పెట్టించండి.

పాత గుడి దగ్గర, కోట దగ్గర వెతికితే?

వద్దు. ఇది నేను చాలా గట్టిగా చెబుతున్నాను.

1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాగి ఉన్న విలువైన వస్తువు ఏదైనా, పది రూపాయల విలువ దాటితే, దొరికినవాళ్లు కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద రక్షణలో ఉన్న స్థలాన్ని పాడు చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. మెషిన్ కొనడం వేరు, దాన్ని ఎక్కడ పెడతామన్నది వేరు. మీ సొంత పొలం, లేదా యజమాని ఒప్పుకున్న స్థలం, అంతవరకే.

చట్టం ఒక్కటే కాదు. అమరావతిలో దీపాలదిన్నె అనే దిబ్బ ఉండేది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలో దాన్ని తవ్వారు. లోపల నిధి ఉందన్న ఆశ కొంత, కట్టడాలకు రాయి కావాలన్న అవసరం కొంత. 1790ల చివర్లో ఈస్టిండియా కంపెనీ అధికారి కోలిన్ మెకంజీ వచ్చి చూసేసరికే ఆ దిబ్బ కింది బౌద్ధ మహాస్తూపం చాలా దెబ్బతిని ఉంది. మిగిలిన శిల్పాల్లో ఎక్కువ భాగం నేడు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి. మన ఊరి శిల్పం చూడటానికి మనం టికెట్టు కొనుక్కుని వెళ్లాలి. భట్టిప్రోలులో 1892లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ పద్ధతిగా తవ్వించినప్పుడు ధాతుపేటికలతో (పవిత్ర అవశేషాలు దాచిన పెట్టెలతో) పాటు బంగారు పువ్వులూ బయటపడ్డాయి. తూకం వేస్తే ఆ పువ్వులు ఎంతో ఉండవు, కానీ పేటికల మీది అక్షరాలు మన లిపి చరిత్రకే ఆధారమయ్యాయి. రాత్రిపూట పారతో తవ్వేవాడికి ఆ అక్షరాలు కనిపించవు.

కొండవీడు, కొండపల్లి వైపు మెషిన్ కావాలని అడిగేవాళ్లకు నేను ఇవ్వను. ముందు పూజ చేయాలని, స్వామి వస్తాడని చెప్పేవాళ్ల మాట విని పొలం అమ్ముకున్నవాళ్లు ఉన్నారు.

వాగుల్లో, కొండల్లో సహజంగా బంగారం దొరకదా?

మన రాష్ట్రంలో బంగారు ఖనిజం ఉన్నది రాయలసీమ వైపు, జొన్నగిరి, రామగిరి, చిగురుగుంట ప్రాంతాల్లో. అక్కడ కూడా అది రాతిలో కంటికి కనిపించనంత సన్నగా కలిసి ఉంటుంది. టన్నుల రాయి పిండి చేస్తే గ్రాములు వస్తాయి, డిటెక్టర్‌కు అందదు. పైగా 1957 గనుల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఖనిజాన్వేషణ చేయకూడదు.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా? నకిలీని ఎలా పట్టుకోవాలి?

తీసుకోవచ్చు, మంచి కంపెనీవి పదేళ్లు పనిచేస్తాయి. కాయిల్ వైరు కనెక్టర్ దగ్గర పగుళ్లు చూడండి, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చూడండి. నకిలీల బెడద మాత్రం నిజం. మైన్‌ల్యాబ్ పాత జీపీఎక్స్ మోడళ్లకు అచ్చం అలాగే ఉండే నకిలీలు చాలా దేశాల్లో అమ్ముడయ్యాయి. సీరియల్ నంబర్ కంపెనీకి పంపి సరిచూసుకోండి. జీఎస్‌టీ బిల్లు లేకుండా కొత్తది కొనవద్దు. అమెరికాలో ఉన్న అల్లుడితో తెప్పించుకుంటే కొంత మిగలవచ్చు, కానీ వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే అడగమనండి. కాయిల్ పోతే నా షాపులో కూడా అన్నీ దొరకవు.

ఒక్క ఉంగరం కోసం కొనాలా?

వద్దండీ. ఐదు గ్రాముల ఉంగరం, గ్రాము పది వేలు దాటిన రోజుల్లో యాభై వేల పైమాటే. మెషిన్, పిన్‌పాయింటర్ కలిపి లక్ష దగ్గర పెట్టి అది దొరకకపోతే రెండూ పోయినట్టే. డిటెక్టర్ ఉన్నవాళ్లను పిలిపించుకోండి, లేదా రెండు రోజులకు అద్దెకు తీసుకోండి. తరచూ వాడతాననుకుంటేనే కొనండి. పోయినచోట దున్నకండి, ట్రాక్టర్ తిప్పకండి. వస్తువు ఎక్కడ పడిందనుకుంటున్నారో నాలుగు పుల్లలు పాతి ఉంచండి.

కొన్నాక మొదట ఏం చేయాలి?

పెరట్లో చెత్త లేని చోట ఒక ఉంగరం, ఒక రూపాయి బిళ్ల, ఒక సీసా మూత, ఒక టాబ్లెట్ రేకు, ఒక మేకు వేర్వేరు చోట్ల నాలుగంగుళాల లోతున పాతండి. ఉంగరానికి దారం కట్టి కొస పైన వదలండి, మళ్లీ వెతుక్కునే పని ఉండదు. ఏది ఎక్కడుందో కాగితం మీద రాసుకోండి. వారం రోజులు రోజూ పావుగంట, తెర చూడకుండా హెడ్‌ఫోన్‌తో వాటి మీదుగా కాయిల్ నేలకు రెండు అంగుళాల ఎత్తులో నెమ్మదిగా ఊపండి. శబ్దం విని ఇది మూత, ఇది ఉంగరం అని చెప్పగలిగిన రోజు పొలానికి బయలుదేరండి.